పెష్టిగో, పొగ అలవాటైపోయిన ఊరు

మా పాప ఫోర్త్ గ్రేడ్. ఇక్కడ స్కూళ్ళలో ఆ క్లాసులో విస్కాన్సిన్ చరిత్ర చెప్తారు, దాని మీద ఒక ప్రాజెక్ట్ చెయ్యాలి. మిగతా పిల్లలంతా చీజ్ మీదా, ఆవుల మీదా, ప్యాకర్స్ టీమ్ మీదా తీసుకుంటే మాది ఒకరోజు సాయంత్రం బ్యాగు విసిరేసి "నాన్నా, పెష్టిగో ఫైర్ తెలుసా నీకు?" అంది. తెలీదన్నా. "అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ మంది చచ్చిపోయిన అడవి మంట అదే, మన స్టేట్‌లోనే, తెలీదా?" అని నన్నొక చూపు చూసింది. మిల్వాకీ వచ్చి తొమ్మిదేళ్ళయింది, ఆ ఊరు ఇక్కణ్ణించి మూడు గంటలు కూడా పట్టదు, అయినా పేరు కూడా ఎప్పుడూ వినలేదు.

చికాగో తగలబడిన సంగతి మాత్రం బాగా తెలుసు. ఇండియా నుంచి ఎవరొచ్చినా చికాగో తీసుకెళ్ళి బోటెక్కించడం మనకి తప్పదు కదా, ఎక్కించిన ప్రతిసారీ 1871 మంటల గురించీ, ఎవరో ఆవిడ కొట్టంలో ఆవు లాంతరు తన్నడం గురించీ వింటూనే ఉంటాం (పాపం ఆ ఆవుదేం తప్పు లేదని 1997లో చికాగో సిటీ కౌన్సిల్ తీర్మానం కూడా చేసింది, 126 ఏళ్ళ తర్వాత). ఆ మంట అంటుకున్నది 1871 అక్టోబర్ 8, ఆదివారం రాత్రి. పెష్టిగో పోయింది కూడా అదే ఆదివారం, అదే రాత్రి. చికాగోలో చచ్చిపోయింది సుమారు 300 మంది. పెష్టిగో, దాని చుట్టుపక్కల కలిపి 1,200 నుంచి 2,500 మంది దాకా అంటారు, మామూలుగా చెప్పే లెక్క 1,500. పెద్ద ఊరు కాలితే ప్రపంచమంతా తెలుస్తుంది, అడవి పక్క ఊరు కాలితే నాలాంటివాడికి తొమ్మిదేళ్ళైనా తెలీదు.

సరే, సెప్టెంబర్‌లో ఒక శనివారం బయల్దేరాం. మ్యూజియం మే చివర్నించి అక్టోబర్ 8 దాకానే తెరుస్తారు, ఆ తేదీ కావాలనే పెట్టుకున్నట్టున్నారు. అప్పటికి నాన్న మా దగ్గరే ఉన్నాడు. గిద్దలూరు దగ్గర మా ఊళ్ళో పత్తీ కందీ వేసే మనిషి, ఇక్కడ ఆరు నెలలు ఇంట్లో కూర్చోలేక కిటికీలోంచి పక్కింటాయన లాన్ కొయ్యడం చూసి "ఆ గడ్డి గొడ్లకన్నా వెయ్యకూడదా" అనుకుంటూ గడుపుతున్నాడు. అమ్మ మోకాళ్ళ నొప్పులని రానంది, మా ఆవిడకి ఆఫీసులో రిలీజ్ ఉంది. పులిహోర డబ్బా, పెరుగన్నం డబ్బా పట్టుకుని మేం ముగ్గురం. గ్రీన్ బే దాటాక 41 రోడ్డు మీద ఇంకో యాభై మైళ్ళు ఉంటుంది, దారంతా పైన్ చెట్లూ, మొక్కజొన్నా, మధ్యలో ఎర్ర బార్న్‌లూ. నాన్న ఒకటే ప్రశ్న, "అడవి మంటంటున్నావు, అడవేదిరా?"

అక్కడికొచ్చేస్తున్నా. అడవి అప్పట్లో ఉంది, ఆకాశం కనపడనంత వైట్ పైన్ అడవి. దాని మీద బతికిన ఊరే పెష్టిగో. చికాగో మొట్టమొదటి మేయర్ విలియం ఆగ్డెన్ అనే ఆయన ఇక్కడ రంపపు మిల్లూ, దాని పక్కనే చెక్క సామాన్ల ఫ్యాక్టరీ పెట్టాడు, అప్పట్లో దేశంలోనే అంత పెద్దది లేదంటారు. చెక్క బకెట్లు, తొట్లు, చీపురు కర్రలు, బట్టలకి పెట్టే క్లిప్పులు. ఊళ్ళో సుమారు 1,700 మంది. ఇళ్ళు చెక్క, నడిచే దారులు చెక్క, నది మీద వంతెన చెక్క, వీధుల్లో బురద అవకుండా పోసింది రంపపు పొట్టు. నాన్నకి ఇది చెప్తే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "అంటే గడ్డివామిలో కాపరం పెట్టారన్నమాట" అన్నాడు. అదే రాత్రి ఆగ్డెన్‌కి చికాగోలో ఉన్నవీ కాలిపోయాయి, ఇక్కడున్నవీ కాలిపోయాయి.

మ్యూజియం చూడ్డానికి చిన్న తెల్ల చర్చి, నిజంగా పాత చర్చి బిల్డింగే. నాన్న గుమ్మం దగ్గర ఆగి బూట్లు విప్పేసి పక్కన పెట్టాడు. లోపల టేబుల్ దగ్గర కూర్చున్న పెద్దావిడ, వాలంటీరు, కంగారుగా లేచొచ్చి అక్కర్లేదు అక్కర్లేదు అంటోంది, ఈయన పర్లేదమ్మా అని తెలుగులో చెప్తున్నాడు. చివరికి సాక్సులతోనే మొత్తం తిరిగాడు. టికెట్ లేదు, డబ్బాలో తోచినంత వెయ్యడమే.

లోపలికెళ్ళాక నాకర్థమైందేంటంటే ఈ మ్యూజియంలో మంటకి సంబంధించిన వస్తువులు ఒక బీరువాకి మించి లేవు. మిగతావన్నీ పాతకాలపు కుట్టుమిషన్లూ, గౌన్లూ, వంటసామాన్లూ, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు ఇచ్చినవి. మొదట కొంచెం చిరాకేసింది, ఇంత దూరం వచ్చింది దీనికా అని, తర్వాత వెలిగింది, గంటలో ఊరు బూడిదైపోతే దాచుకోడానికి ఏం మిగుల్తుందని. ఊరు మొత్తానికి నిలబడింది ఒకే ఒక్క ఇల్లంట, అది కూడా సగం కట్టిన ఇల్లు, పచ్చి చెక్కతో కడుతున్నారు కాబట్టి కాల్లేదు.

ఆ కొన్ని వస్తువుల్లో ఒక బైబిల్ ఉంది, కీర్తనలున్న చోట తెరుచుకుని అలాగే మాడి గట్టిపడిపోయింది, పేజీ తిప్పడం కుదరదు. కరిగి ముద్దయిపోయిన లోహం ముక్కలు. ఇంకోటి నన్ను బాగా పట్టేసింది, బ్లూబెర్రీల డబ్బా. 1995లో ఎక్కడో తవ్వుతుంటే బయటపడిందట. నల్లగా, మిరియాల్లాగా, గుండ్రంగానే ఉన్నాయి ఇంకా. ఎవరో ఎండాకాలంలో అడవిలో ఏరుకొచ్చి చలికాలానికి దాచుకున్నవి. నాన్న అద్దం మీద వేలు పెట్టి లెక్కపెడుతున్నాడు. ఏంటి నాన్నా అంటే "మీ నానమ్మ రేగిపళ్ళు ఇట్నే ఎండబెట్టేది" అన్నాడు.

అసలు మంట ఎలా వచ్చింది అనేదానికి ఒక్క కారణం చెప్పలేం, అదే నాకు ఈ కథలో ముఖ్యం అనిపించింది. ఇంటర్నెట్‌లో చూస్తే తోకచుక్క ముక్కలు పడ్డాయని కూడా రాసేవాళ్ళున్నారు, అదే రాత్రి చికాగో, పెష్టిగో, మిషిగన్‌లో కొన్ని ఊళ్ళు అన్నీ ఒకేసారి కాలాయి కాబట్టి. తోకచుక్క దాకా ఎందుకు, కింద చూస్తే చాలు. ఆ ఏడు జూలై నుంచి వానల్లేవు. బాడవ నేలలు కూడా ఎండిపోయాయి. కలప కంపెనీలు మాను మాత్రం పట్టుకుపోయి కొమ్మా రెమ్మా అడవిలోనే వదిలేశాయి. రైల్వే లైన్ వేసేవాళ్ళు దారిలో చెట్లు కొట్టి, కుప్పలేసి, అంటించి ముందుకెళ్ళిపోయారు. కొత్తగా వచ్చిన రైతులు పొలం చేసుకోవడానికి మొద్దులు కాల్చారు, మన దగ్గర పోడు కొట్టడం లాంటిదే. ఎవరి మంట వాళ్ళకి చిన్నదే. సెప్టెంబర్ అంతా అడవిలో ఎక్కడో అక్కడ పొగ లేస్తూనే ఉంది, గ్రీన్ బే అనే అఖాతం నీళ్ళ మీద పడవలవాళ్ళు పట్టపగలు దిక్సూచి చూసుకుని నడిపేంత పొగ. సెప్టెంబర్ 24న, అదీ ఆదివారమే, మంట ఊరి అంచుదాకా వచ్చింది. ఊరంతా కలిసి నీళ్ళు మోసి ఆర్పుకున్నారు. గండం గడిచిందనుకున్నారు. చుట్టూ ఎలాగూ కాలిపోయింది కదా, ఇంక కాలడానికేముంది అనుకున్నారు. ఇంకో రెండు వారాలు పొగలోనే పనికెళ్ళారు, పొగలోనే పెళ్ళిళ్ళూ పేరంటాలూ అన్నీ జరిగే ఉంటాయి.

ఇది చదువుతుంటే నాకు 2023 జూన్ గుర్తొచ్చింది. కెనడా అడవులు తగలబడి ఆ పొగ మా దాకా వచ్చింది. జూన్ 27న మిల్వాకీ, చికాగో గాలి ప్రపంచంలోనే అధ్వాన్నం అని వార్తల్లో చెప్పారు, పొద్దున్నే సూర్యుడు నారింజ పండులా, చూడ్డానికి కళ్ళు కూడా చికిలించనక్కర్లేదు. మొదటి రోజు కిటికీలు మూసి, ఎయిర్ ప్యూరిఫయర్ ఆర్డర్ పెట్టి, ఫోన్లో ఏక్యూఐ గంటకోసారి చూసి, అందరికీ మెసేజులు. తర్వాత వారం మళ్ళీ పొగొస్తే మేం అదే పొగలో ఫ్రెండ్ ఇంట్లో బార్బెక్యూకి వెళ్ళాం. నేనే బొగ్గులంటించా. ప్యూరిఫయర్ ఇప్పటికీ డబ్బాలోనే ఉంది. కాబట్టి పెష్టిగో వాళ్ళని వెర్రివాళ్ళని నేను అనలేను.

మా ఊరి నుంచి నల్లమల కొండలు కనపడతాయి. చిన్నప్పుడు ఎండాకాలం మిద్దె మీద పడుకుంటే రాత్రిపూట కొండ మీద ఎర్రటి గీత పాకుతూ ఉండేది. "కొండ అంటుకుందిరా" అని పెద్దాళ్ళు ఒక మాట అనేసి అటు తిరిగి పడుకునేవాళ్ళు. నాకు అది అందంగా ఉండేది. ఆ గీత కింద ఏం జరుగుతోందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

అక్టోబర్ 8 రాత్రి సంగతి మనకి ఇంత వివరంగా తెలిసేది ముఖ్యంగా ఫాదర్ పీటర్ పెర్నిన్ అనే ఫ్రెంచ్ పాదిరి వల్ల. ఆయన బతికి బయటపడి 1874లో అంతా రాసి పెట్టాడు. సాయంత్రం నుంచే పడమర నుంచి ఏదో రైలొస్తున్నట్టు, ఉరుములు ఆగకుండా ఉరుముతున్నట్టు మోత. ఆయన తోటలో గొయ్యి తవ్వి సామాన్లు పూడ్చాడు, గుర్రాన్ని వదిలేశాడు, కుక్కని పిలిస్తే అది మంచం కింద దూరి ఎంత పిలిచినా రాలేదు. చర్చిలో ప్రసాదం పెట్టే చెక్క పెట్టె ఉంటుంది, గుళ్ళో గర్భగుడంత పవిత్రం అనుకోండి, దాన్ని బండి మీద పెట్టుకుని చేత్తో లాక్కుంటూ నదికి పరిగెత్తాడు. గాలి ఎదురు నిలబడనివ్వట్లేదు, గాలి నిండా నిప్పురవ్వలూ, ఇసకా, బూడిదా. రాత్రి పది ప్రాంతంలో.

నది ఊరి మధ్యలో. వంతెన మీద ఘోరం జరిగింది. ఇటువాళ్ళు అటువైపు భద్రం అనుకున్నారు, అటువాళ్ళు ఇటువైపు భద్రం అనుకున్నారు, మనుషులూ బళ్ళూ గొడ్లూ రెండువైపులనుంచీ వంతెన మధ్యలో గుద్దుకున్నాయి. ఆ వంతెనా అంటుకుంది.

ఒడ్డున ఏం చూశాడో పెర్నిన్ రాసింది మా పాప నాకు కారులోనే చెప్పింది, నేను నమ్మలేదు, తర్వాత చదివితే నిజమే. జనం ఒడ్డు పొడవునా బొమ్మల్లా నిలబడిపోయి ఉన్నారట, నాలుక బయటపెట్టి ఆకాశంలోకి చూస్తూ, ఎవరూ నీళ్ళలోకి దిగట్లేదు. ఈయన పక్కనున్నవాళ్ళని పట్టుకుని నీళ్ళలోకి తోసేశాడు. అందులో ఒకడు మళ్ళీ గట్టెక్కేసి "తడిసిపోయాను" అని గొణిగాడట. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే భయం వేసింది ఆ ఒక్క మాటకి. ఆకాశం మండుతుంటే మనిషికి బట్టలు తడిశాయని బాధ. రేపు నాకు అలాంటిదొస్తే నేనూ లాప్‌టాప్ ఛార్జర్ కోసం లోపలికెళ్ళే రకమే, మా ఆవిడ ఒప్పుకుంటుంది.

నీళ్ళలో దిగాక కూడా తల పైకెత్తితే జుట్టంటుకుంటోంది, దుప్పట్లు తడిపి తలమీద వేసుకుంటే క్షణాల్లో ఆరిపోతున్నాయి, అందుకని ఆపకుండా తల మీద నీళ్ళు కొట్టుకుంటూనే ఉండాలి. అక్టోబర్ రాత్రి, విస్కాన్సిన్‌లో నది, ఎంత చల్లగా ఉంటుందో ఇక్కడున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పైన మంట, కింద చలి, అయిదారు గంటలు. కొంతమంది కాలి చచ్చిపోతే కొంతమంది చలికి చచ్చిపోయారు, కొంతమంది మునిగిపోయారు. ఒకావిడ పట్టుకున్న దుంగని ఈదుకుంటూ వచ్చిన ఆవు తిరగేస్తే, ఆవిడ మునిగి తేలి ఆ ఆవు కొమ్మునే ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో తలమీద నీళ్ళు కొట్టుకుందట. చికాగో ఆవు గురించి అందరికీ తెలుసు, ఈ ఆవు గురించి ఎవరూ చెప్పరు. ఆ చెక్క పెట్టె కూడా బండితో సహా నీళ్ళలోకి పోయింది, మూడ్రోజుల తర్వాత చూస్తే చెక్కుచెదరకుండా ఒక దుంగ మీద ఉంది. ఇప్పుడు మ్యూజియంలో ఉన్నది అదే. ఎదురుగా నిలబడ్డాను, తెల్లగా చిన్న గుడి గోపురంలా ఉంది, నాకు దేవుడి మీద పెద్ద పట్టింపు లేదు గానీ అక్కణ్ణుంచి కదలడానికి కొంచెం టైం పట్టింది.

నది ఉంది కాబట్టి ఊళ్ళోవాళ్ళు కొంతమందన్నా బతికారు. పడమరగా షుగర్ బుష్ అని రైతుల పల్లెలు ఉండేవి, వాళ్ళకి నది కూడా లేదు. బావుల్లో దిగినవాళ్ళు ఉన్నారు, దున్నిన చేలో బోర్లా పడుకున్నవాళ్ళు ఉన్నారు. ఆ అఖాతం అవతల డోర్ కౌంటీలో విలియమ్సన్‌విల్ అని చిన్న ఊరు, 77 మందిలో సుమారు 60 మంది పోయారు. మొత్తం కాలింది 12 లక్షల ఎకరాలు.

ఈ సంగతి బయట ప్రపంచానికి తెలియడానికే టైం పట్టింది, టెలిగ్రాఫ్ తీగలు కాలిపోయాయి. రాజధాని మాడిసన్‌కి కబురు అక్టోబర్ 10న అందింది, అప్పటికి గవర్నర్ లూషియస్ ఫెయిర్‌చైల్డ్, మిగతా పెద్దలూ చికాగోకి సాయం తీసుకుని వెళ్ళిపోయారు. కబురు అందుకుంది ఆయన భార్య ఫ్రాన్సెస్, 24 ఏళ్ళు. చికాగోకి బయల్దేరబోతున్న సామాన్ల రైలు పెట్టెని ఆపి, ఊళ్ళో ఆడవాళ్ళ దగ్గర దుప్పట్లు పోగుచేయించి అందులో వేసి, గ్రీన్ బే వైపు పంపించింది. ఆవిడకి ఆ అధికారం ఉందా లేదా అని ఎవరూ అడిగినట్టు లేదు. మా పాప ప్రాజెక్ట్‌లో ఈవిడకి ఒక పేజీ మొత్తం ఇచ్చింది, పెర్నిన్‌కి అరపేజీ.

మ్యూజియం పక్కనే స్మశానం. సుమారు 350 మందిని ఒకే గోతిలో పూడ్చారు. ఎందుకంటే గుర్తుపట్టడానికి వీల్లేదు, గుర్తుపట్టేవాళ్ళు కూడా మిగల్లేదు. రాతి పలక ఉంది, చుట్టూ గడ్డి చక్కగా కోసి ఉంది. విస్కాన్సిన్ రాష్ట్రం తరఫున పెట్టిన మొట్టమొదటి చారిత్రక బోర్డు కూడా ఇక్కడిదే, 1951లో పెట్టారు. 1873లో శాసనసభకి ఇచ్చిన రిపోర్టులో చనిపోయినవాళ్ళూ కనపడనివాళ్ళూ కలిపి 1,182 పేర్లు రాశారు, అవి దొరికిన పేర్లు. ఊరి రికార్డులే కాలిపోతే, మిల్లులో పనికి ఎక్కడెక్కణ్ణుంచో వచ్చినవాళ్ళని ఎవరు లెక్కేస్తారు. పాప "తాతయ్యా, ఇక్కడ పేర్లు ఎందుకు లేవు" అంటే నాన్న వెంటనే ఏం చెప్పలేదు. కాసేపాగి "చెప్పేవాళ్ళు కూడా ఇందులోనే ఉన్నారు కదమ్మా" అన్నాడు.

తర్వాత నది ఒడ్డుకెళ్ళి బెంచీ మీద డబ్బాలు తెరిచాం. నది ఏం పెద్దది కాదు, మా పాప రాయి విసిరితే అవతలి ఒడ్డు దాకా సగం పైనే వెళ్ళింది. నీళ్ళు టీ డికాషన్ రంగు. ఒకాయన పిల్లాడితో చేపలు పడుతున్నాడు, రేపటి మ్యాచ్‌కి ఇవాళే ప్యాకర్స్ జెర్సీ వేసుకున్నాడు. నాన్న అన్నం తినకుండా లేచి అంచుదాకా వెళ్ళి వంగి చెయ్యి పెట్టి చూసి, వెంటనే తీసేసి పంచెకి, అంటే ప్యాంటుకి, తుడుచుకున్నాడు. "ఇప్పుడే ఇంత చల్లగుంది" అన్నాడు. ఇంక దాని గురించి మాట్లాడలేదు. పులిహోర మాత్రం రెండుసార్లు పెట్టించుకున్నాడు.

తిరుగు దారిలో ఊరు దాటిన కొంచెం సేపటికి రోడ్డు పక్కన పొలంలో ఎవరో కొమ్మల కుప్ప తగలబెడుతున్నారు. సన్నగా పొగ, నిటారుగా లేస్తోంది. మామూలుగా అయితే నేను చూసేవాణ్ణి కూడా కాదు. నాన్న "ఆపు ఆపు" అన్నాడు. పక్కకి తీసి ఆపాను. అద్దం దించి చాలాసేపు చూశాడు. మా చేలో పత్తికట్టె కాల్చేటప్పుడు ఆయనకి ఒక పద్ధతి ఉండేది, ముందు చుట్టూ నాగలితో రెండు సాళ్ళు తోలాలి, పక్కన రెండు బిందెల నీళ్ళు, నలుగురి చేతుల్లో పచ్చి వేపమండలు. నేను చిన్నప్పుడు ఆ మండ పట్టుకుని నిలబడేవాణ్ణి, బోరు కొట్టి చచ్చేవాణ్ణి.

"చుట్టూ దున్నాడా?" అని అడిగాడు.

దూరం, సరిగ్గా కనపడట్లేదు. పాప సీటు మీద మోకాళ్ళేసి చూసి చెప్పింది, "మట్టి కనిపిస్తోంది తాతయ్యా, రౌండ్‌గా. ఒక అంకుల్ పైపు పట్టుకున్నాడు."

"గాలి లేదులే" అన్నాడు, మళ్ళీ ఒకసారి పొగ ఎటు పోతోందో చూసి. అద్దం ఎక్కించి సీటు వెనక్కి వాల్చుకున్నాడు. "పద ఇంక. గ్రీన్ బేలో టీ ఎక్కడన్నా దొరుకుతుందేమో చూడు, ఆ కాగితం కప్పుల నీళ్ళు కాకుండా."